వాతల బాబాయ్, టోపీ పెట్టుకున్న దూడ

వాతల బాబాయ్ ఒక దూడకి తన పెళ్ళాం కోటు తొడిగి, తలకి పూల రుమాలు కట్టి, పాల వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టి డెయిరీ గేటు దాటించాడని ఊళ్ళో ఒక మాట తిరుగుతుంది. గేటు దగ్గర కాపలా ఆయన లోపలికి తొంగి చూసి "ఎవరు బాబాయ్?" అని అడిగితే, "మా అత్తగారు, ఒంట్లో బాలేదు" అన్నాడంట. కాపలా ఆయన "అయ్యో, నమస్కారమమ్మా" అన్నాడంట. దూడ కూడా మర్యాదగా తల ఊపిందంట. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూసినవాళ్ళని చూసినవాళ్ళు మాత్రం వీధి వీధికీ ఉన్నారు. కాపలా ఆయన్ని అడిగితే "ఆ రోజు నేను సెలవు" అంటాడు. ఏ రోజో మనం చెప్పకముందే అంటాడు, అదీ సంగతి.

ఈ మాట చెవిన పడ్డప్పట్నించీ బాబాయ్ అసలు అత్తగారు కూతురి గుమ్మం తొక్కలేదు. "నాకైతే ఆ గేటు దగ్గర ఎవడూ ఏనాడూ నమస్కారం పెట్టలేదు" అని ఆవిడ బాధ.

బాబాయ్ పని కొమ్ములు కాల్చడం. దూడ పుట్టిన కొన్నాళ్ళకే నెత్తిమీద అటూ ఇటూ రెండు బొడిపెలొస్తాయి. కొమ్ము మొగ్గలు. వాటిని వదిలేస్తే కొమ్ములవుతాయి. కొమ్ములున్న ఆవుల్ని ఇరుకు షెడ్డులో కడితే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, పాలు పితికేవాళ్ళ పక్కటెముకలు లెక్కపెడతాయి. అందుకని మొగ్గలోనే మాడ్చేస్తారు. చివర బుల్లి గిన్నెలా ఉండే ఇనప కడ్డీని కరెంటు పెట్టి ఎర్రగా కాలుస్తారు. బాబాయ్ దూడ తలని చంకలో ఇరికించుకుని, బొటనవేలితో మొగ్గ వెతికి, కడ్డీ ఆనించి ఒక్క తిప్పు తిప్పేవాడు. అప్పుడు దూడ పెట్టే కేకకి పక్క వీధిలో గడ్డం గీసే ఆయన కత్తి పైకెత్తి ఆగిపోయేవాడు. షెడ్డులో పాలక్యాన్ల మూతలు వాటంతటవే లేచేవంటారు, అది కొంచెం ఎక్కువే అనుకోండి.

మనిషి మాత్రం వెన్నముద్ద. చీమని తొక్కితే ఆగి సారీ చెప్పే రకం. వంటింట్లో ఎలుక కనపడితే తలుపు తీసి దారి చూపించేవాడు. కానీ పశువులకి ఇవన్నీ ఎవరు చెప్తారు? బాబాయ్ షెడ్డులో అడుగు పెట్టాడంటే దూడలన్నీ అవతలి గోడకి అతుక్కుపోయేవి. ఆ తోపులాటకి గోడ వంగితే మేస్త్రీని పిలిపించి నిలబెట్టించారు. బాబాయ్ చొక్కా మార్చి చూశాడు. మీసం తీసేసి చూశాడు. మొహం కనపడకూడదని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి చూశాడు. వెళ్ళి వెళ్ళి పేడ గుంటలో పడ్డాడు, ఇది మాత్రం అందరూ చూశారు. ఆయన మేత వేస్తే ఆవులు మూతి తిప్పుకునేవి. అదే మేతని ఇంకొకడొచ్చి కాలితో ఇటు జరిపితే తినేవి.

ఆయన పెళ్ళాన్ని అందరూ పిన్ని అంటారు. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. చేతికి ఎంత పనో నోటికీ అంత పని.

"ఏవండీ, ఆ చొక్కా బయట విప్పి రండి, కాలిన వెంట్రుకల కంపు" అనేది రోజూ. "అంత పెద్ద డెయిరీలో మీ మొహం చూసి పారిపోని ప్రాణి లేదు. నేనొక్కదాన్ని ఉండిపోయాను, అదీ మిషను బరువు మొయ్యలేక."

"ఒక్క దూడ, ఒకే ఒక్క దూడ వచ్చి నా చెయ్యి నాకితే చాలే" అన్నాడు బాబాయ్ ఒకసారి, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ. పిన్ని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకి సూది విరిగింది.

అలాంటి రోజుల్లో డెయిరీకి డాక్టరమ్మ వచ్చింది. పశువుల డాక్టరు కాదు, అంతకంటే పెద్ద చదువు. పరిశోధనశాల నుంచి వచ్చింది. క్యాంటీన్లో బల్లలన్నీ గోడకి జరిపి, పనివాళ్ళనీ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళనీ కూర్చోబెట్టి, బిస్కెట్లు పంచి, విషయం చెప్పింది. ఇక మీదట కొమ్ముల్లేని దూడలే పుడతాయంట.

"ప్రతి ప్రాణికీ ఒంట్లో కణం కణానా ఒక రాత ఉంటుందండీ, జన్యువులంటాం" అంది. "కొన్ని జాతుల ఆవులకి పుట్టుకతోనే కొమ్ములుండవు. ఆ రాతలో ఆ ముక్క ఒక్కటి తీసుకొచ్చి ఈ ఆవుల రాతలో పెట్టాం."

పిన్నికి చటుక్కున అర్థమైంది. "అంటే ఒక చొక్కా జేబు కోసి ఇంకో చొక్కాకి కుట్టినట్టా?"

"అంతేనండీ. కాకపోతే మా సూది కంటికి కనపడదు."

"మరి కుట్టేటప్పుడు దారప్పోగులు లోపల ఉండిపోతే?"

డాక్టరమ్మ బిస్కెట్టు కింద పెట్టింది. "ఉండిపోవచ్చు. అనుకోని ముక్క అతుక్కోవచ్చు, అతుకు సరిగ్గా పడకపోవచ్చు. అందుకే కొన్నాళ్ళు వీటిని మిగతా మందతో కలపం. వీటి పాలు బయటికి పోవు."

పాల వ్యాను డ్రైవరు లేచాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "ఆ పాలు ఎప్పటికైనా తాగుతాం కదా మేడం. కొమ్ములు పోయేది దూడకి, జుట్టు ఊడేది మాకూనా?"

అందరూ మేనేజరు నున్నటి తల వైపు చూశారు. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇవాళ దూడకి కొమ్ములు తీశారు" డ్రైవరు వదల్లేదు, "రేపు పుట్టబోయే పిల్లలకి నోరు తీసేస్తే?"

"ముందు నీకు తియ్యమని నేనే చెప్తాలే" అంది పిన్ని. క్యాంటీను ఘొల్లుమంది.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "మంచి ప్రశ్నే. ఎక్కడిదాకా వెళ్ళొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది నేనొక్కదాన్ని తేల్చేది కాదు. అందుకే మిమ్మల్నందర్నీ పిలిచాను."

"అందర్నీ పిలిచారు, ఆవుని అడిగారా?" అంది పిన్ని.

అప్పటిదాకా నోరు మెదపని బాబాయ్ అన్నాడు. "నేను మాత్రం కడ్డీ పెట్టేటప్పుడు ఎవర్ని అడిగానే?"

దాంతో డ్రైవరు కూడా కూర్చున్నాడు. అది ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు.

చివర్లో మేనేజరు నిబంధన చదివాడు. ఏ దూడకైనా కొమ్ము మొలిచిన గుర్తు కనపడితే ఆ క్షణమే చెప్పాలి. దాన్ని తీసుకెళ్ళి కోసి, ఎందుకు మొలిచిందో చూసి, మిగిలింది బూడిద చేస్తారు. బాబాయ్ ఇది పెద్దగా పట్టించుకోలేదు. దూడలే పుట్టలేదు కదా అప్పటికి.

పుట్టాయి. నెత్తులు గుండ్రంగా, గులకరాళ్ళలా ఉన్నాయి. ఆ విడత డెయిరీలో పుట్టినవన్నీ ఇవే, వాతలు లేవు గనక బాబాయ్‌కి పని లేదు. ఊరికే కూర్చోబెట్టడం ఇష్టంలేక మేనేజరు పాలసీసా చేతికిచ్చి కొత్త షెడ్డుకి తోలాడు. బాబాయ్ గుమ్మంలోనే ఆగాడు. అలవాటు చొప్పున గోడ వైపు చూశాడు, దీనికేం కాదు కదా అని. ఒక ఎర్ర దూడ లేచింది. మిగతావాటిని తోసుకుంటూ తిన్నగా వచ్చింది. సీసా వదిలేసి బాబాయ్ చెయ్యి నాకింది.

మనిషి అక్కడే గడ్డిలో కూలబడిపోయాడు. మొహాన నీళ్ళు కొట్టి లేపారని డ్రైవరంటాడు. ఇంటికొచ్చాక ఆ చెయ్యి కడుక్కోలేదు, ఆ పూట ఎడమ చేత్తో తిన్నాడు. దూడకి బోడమ్మ అని పేరు పెట్టుకున్నాడు.

"నన్ను ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అలా చూశారా?" అంది పిన్ని.

"నువ్వు ఒక్కసారైనా నాకావా?"

పిన్ని చేతిలో ఉన్న కొలత టేపు విసిరింది.

అలా కొన్నాళ్ళు స్వర్గంలో గడిచింది. ఒక మధ్యాహ్నం బోడమ్మ సీసా ఖాళీ చేసి, తల తెచ్చి బాబాయ్ పొట్టకి రుద్దుతోంది. ఈయన నిమురుతున్నాడు. ఎడమ చెవి పైన బొటనవేలు ఆగిపోయింది. చర్మం కింద బొడిపె. బఠాణీ గింజంత. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని కంచం వైపే చూస్తున్నాడు.

"ఏమైంది? మళ్ళీ గుంటలో పడ్డారా?"

"ఎడమ వైపు మొలిచిందే."

"ఎవరికి, మీకా?"

"బోడమ్మకి."

మిషను ఆగింది. పిన్ని వచ్చి ఎదురుగా కూర్చుంది. "చెప్తే కోసేస్తారు కదూ."

"కోసేస్తారు. కాల్చేస్తే మాత్రం ఎవరికీ తెలీదు. ఒక్క తిప్పు. అక్కడ మొగ్గుండేదని డాక్టరమ్మ కాదు, వాళ్ళ అమ్మమ్మ కూడా కనిపెట్టలేదు."

"అయితే కాల్చెయ్యండి."

"కాల్చేస్తే బతుకుతుంది. నా మొహం మాత్రం చూడదు."

పిన్ని కంచంలో కూర వేసింది. "చూడకపోతే పోనివ్వండి. బతుకుతుంది కదా."

"నేనూ అదే అనుకున్నాను. అదే మాట నువ్వనేసరికి కోపమొచ్చింది" అని కంచం జరిపేశాడు.

మర్నాడు అందరూ భోజనాలకి పోయిన వేళ కడ్డీ కాల్చుకుని వెళ్ళాడు. మనసు రాయి చేసుకున్నాడు, కళ్ళు మాత్రం అప్పటికే కారుతున్నాయి. మిగతా దూడలు ఏమిటీ కొత్త వస్తువని చూస్తున్నాయి. వాటికేం తెలుసు, ఏనాడైనా రుచి చూశాయా? బోడమ్మ గెంతుకుంటూ వచ్చింది. మణికట్టు నాకింది. తర్వాత ఆ ఎర్రటిదేదో బాగుందనుకుని దాని వైపు నాలుక చాపింది.

బాబాయ్ గావుకేక పెట్టి కడ్డీ విసిరేశాడు. అది వెళ్ళి నిండు పాలక్యాన్లో చుయ్యిమని పడింది. పితికిన పాలు పితికినట్టే కాగిపోయాయి. ఆ రోజు డ్రైవరు చిన్న గ్లాసు పట్టుకొచ్చి అక్కడే తాగాడంట, పంచదార ఒక్కటే తక్కువైందన్నాడంట.

"నావల్ల కాలేదే" అన్నాడు ఇంటికొచ్చి.

"అయితే దాచిపెడదాం" అంది పిన్ని.

"నెత్తిమీదున్నదాన్ని ఎక్కడ దాస్తావు?"

"నెత్తిమీద ఏదైనా పెడితే సరి."

టోపీ కుట్టింది. చెవులకి రెండు కన్నాలు, గడ్డం కింద ముడి. ఒక్కదానికే పెడితే అనుమానమొస్తుందని షెడ్డులో దూడలన్నిటికీ కుట్టింది. మిగిలిపోయిన గుడ్డ ముక్కలన్నీ అయిపోయాయి. పూలవి, చారలవి, చుక్కలవి, ఒకటి కిటికీ తెరది. కుట్టడానికిచ్చిన ఒక ముసలావిడ గౌను కూడా ఎటు పోయిందో ఇప్పటిదాకా తేలలేదు. అందరికీ "ఈగల కోసం" అని చెప్పారు. ఆ షెడ్డు చూసినవాళ్ళకి నవ్వాగేది కాదు, దూడలు టోపీలు పెట్టుకుని పెద్దమనుషుల్లా నెమరేస్తూ కూర్చునేవి. ఊళ్ళో రకరకాలుగా పాకింది. దూడల ఆలోచనలు బయటికి పోకుండా టోపీలంట అన్నారు. కాదు, కొమ్ముల బదులు మనుషుల చెవులు మొలిచాయంట అన్నారు. ఒకాయనైతే ఆ పాలు తాగేవాళ్ళకి కూడా టోపీ ఉచితమంట కదా అని డెయిరీకి వచ్చి లైన్లో నిలబడ్డాడు.

డాక్టరమ్మ తనిఖీకి వచ్చే రోజు రానే వచ్చింది. పక్కన మేనేజరు.

"ఇవేమిటి?" అందావిడ.

"ఈగలమ్మా" అన్నాడు బాబాయ్.

"భలే ఉన్నాయే! ఎంత నెమ్మదిగా ఉన్నాయో చూడండి" అని ఫొటోలు తీసుకుంది. దేవుడా గట్టెక్కామనుకున్నాడు బాబాయ్. అప్పుడావిడ ఫోను జేబులో పెట్టుకుని నెమ్మదిగా అంది. "బాబాయ్ గారూ, మొగ్గ పట్టుకోవడంలో మీ వేలికున్న అలవాటు నాకు లేదు. రోజూ వీటిని నిమిరేది మీరే. ఒక్కదానికీ లేదని మీరంటే ఈ రకం దూడలు అన్ని డెయిరీలకీ వెళ్తాయి. ఎక్కడా కడ్డీ అవసరముండదు."

బాబాయ్ కళ్ళ ముందు కడ్డీ లేని షెడ్లు వరసగా కనిపించాయి. ఎక్కడా కేక లేదు.

"ఒకవేళ... ఉండి, లేదంటే?"

"అప్పుడు సరిగ్గా పడని అతుకు అన్ని మందల్లోకీ పోతుంది. తల్లి నుంచి పిల్లకి, పిల్ల నుంచి దాని పిల్లకి దిగుతుంది. ఒకసారి దిగాక వెనక్కి రమ్మంటే రాదు. కొమ్మైతే కంటికి కనపడుతుంది. దాని పక్కన కనపడని తప్పింకేదైనా ఉంటే? అది పాలిచ్చే ఆవులకేం చేస్తుందో, తాగే పిల్లలకేం చేస్తుందో ఎవరు చెప్తారు?"

బోడమ్మ వెనకనుంచి వచ్చి బాబాయ్ చొక్కా అంచు నోట్లో పెట్టుకుని నములుతోంది. ఆయన దాని వైపు చూశాడు, డాక్టరమ్మ వైపు చూశాడు, ఏ సాయం దొరకదని తెలిసీ మేనేజరు వైపు కూడా చూశాడు. వంగి టోపీ ముడి విప్పబోయాడు. పిన్ని వేసిన ముడి సామాన్యమైంది కాదు. ఎంతకీ రాదు. చివరికి మేనేజరే గోళ్ళతో లాగాడు.

టోపీ చేతిలోకి వచ్చాక ఆయన దాన్ని తిప్పి చూశాడు. "ఇది నా ప్యాంటు గుడ్డ కదా! పొడుగు తగ్గించమని ఇచ్చింది!"

"సార్, ప్యాంటు సంగతి తర్వాత" అంది డాక్టరమ్మ. అప్పటికే ఆవిడ వేలు బొడిపె మీద ఉంది. మొహం ఎర్రబడింది. "ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నారు?"

"టోపీలు కుట్టినప్పట్నించీ."

"మీ ఒక్కరి మాట నమ్మి సంతకం పెట్టేసేదాన్ని, తెలుసా?"

"తెలిసే చెప్పానమ్మా" అన్నాడు బాబాయ్. ఇక ఆగలేదు. "దాన్ని కోయకండి. చెవి ముక్క కావాలంటే తీసుకోండి. చాలకపోతే నాది తీసుకోండి."

"మీ చెవి నాకెందుకండీ!"

"రెండూ తీసుకోండి!"

మేనేజరు ప్యాంటు గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడంటారు. ఆయనైతే గుడ్డ దుమ్ము పడిందంటాడు.

డాక్టరమ్మ కోపంగా వెళ్ళిపోయింది. కోపంగానే పైవాళ్ళతో పోట్లాడింది. కోస్తే ఇవాళ ఎలా ఉందో తెలుస్తుంది, బతికుంటే రేపేమవుతుందో కూడా తెలుస్తుంది, తప్పు జరిగిందాన్ని బూడిద చేస్తే మనమేం నేర్చుకుంటాం అందంట. పై నుంచి కబురు వచ్చేదాకా బాబాయ్ ఒంటి మీద చొక్కా హ్యాంగరుకి వేసినట్టు వేలాడింది. గేటు దగ్గర ఏ బండి ఆగినా లేచి నిలబడేవాడు.

చివరికి వచ్చింది. బోడమ్మని ఊరవతల పాత మేత గోదాములో విడిగా ఉంచాలి. చూలు కట్టించకూడదు, దాని పాలు ఎవరూ తాగకూడదు. అప్పుడప్పుడూ రక్తం తీసి చూస్తారు. అతుకు సగం కణాల్లో పడి సగం కణాల్లో పడలేదంట. చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఎవరో వేరే చెప్పాలా?

తీసుకెళ్ళడానికి పరిశోధనశాల లారీ పంపింది. బోడమ్మ లారీ బల్ల చూసి నాలుగు కాళ్ళూ మడిచి కూర్చుంది. తోసినా లేవలేదు. పరిశోధనశాల లారీలో తప్ప దాన్ని గేటు దాటించకూడదని కాపలా ఆయనకి హుకుం. లారీ ఖాళీగా వెనక్కెళ్ళింది, అది ఊరంతా చూసింది. సాయంత్రానికి దూడ గోదాములో ఉంది, అదీ ఊరంతా చూసింది. మధ్యలో ఏం జరిగిందో మీరే ఊహించుకోండి. పిన్ని కోటుకి మోచేతుల దగ్గర ఎర్ర వెంట్రుకలున్నాయి, నేను చెప్పేది అంతే.

బాబాయ్ నిజం చెప్పినందుకు కొమ్ముల్లేని దూడలు మిగతా డెయిరీలకి వెళ్ళడం ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చూడాలన్నారు. అన్నాళ్ళూ మామూలు దూడలకి వాతలు తప్పవు. పొద్దున పూట కడ్డీ పట్టేది మళ్ళీ బాబాయే. కాకపోతే మొండికేసి కూర్చున్నాడు, నొప్పి తెలీకుండా తిమ్మిరి సూది వెయ్యందే కడ్డీ ముట్టనని. డాక్టరమ్మ కూడా ఆయన వైపే మాట్లాడింది. ఇప్పుడు కేకలు తగ్గాయి. దూడలు గోడకి అతుక్కోవడం మాత్రం అలాగే ఉంది. ఆ పని అవ్వగానే ఇంటికొచ్చి రుద్ది రుద్ది స్నానం చేస్తాడు, పిన్ని విడిగా కుట్టి పెట్టిన చొక్కా తొడుక్కుంటాడు, గోదాముకి పోతాడు. బోడమ్మ ముందు ఆయన్ని పై నుంచి కింద దాకా వాసన చూస్తుంది. చూసి, ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో బాబాయ్ ఊపిరి తీసుకోడని పిన్నే చెప్పింది. తర్వాత చెయ్యి నాకుతుంది.

ఎడమ వైపు కొమ్ము వచ్చేసింది. ఎముకకి అంటుకోలేదు, వదులుగా వేలాడుతూ, నడిస్తే ఊగుతుంది. డ్రైవరు దానికి కండువా తగిలించి వస్తుంటాడు.

మొన్న వీధిలో బెంచీ మీద ఇదే కథ నడుస్తుంటే బాబాయ్ అటుగా వచ్చాడు. ఒక్కసారి ఉగ్రుడైపోయాడు.

"దూడేంటి, కోటేంటి? మతి పోయిందా మీకు? మా ఆవిడ జన్మలో దూడకి టోపీ కుట్టలేదు. డాక్టరమ్మ ముందు నేను ఏడ్చానా? ఎవడన్నాడు? నేను దాచిందీ లేదు, చెప్పిందీ లేదు. మొగ్గ కనపడ్డ రోజే చెప్పాను, కావాలంటే ఆవిణ్ణే అడగండి, వద్దు, అడక్కండి. ఇలాంటివి పై వాళ్ళ చెవిన పడితే ఏమవుతుందో తెలుసా? అన్నీ కట్టుకథలు. గోదాముకా? జీతమిస్తున్నారు, వెళ్తున్నాను. అంతకుమించి ఏం లేదు. నాకు చిన్నప్పట్నించీ పశువులంటేనే పడదు."